పదో వంతు సరే, మిగతా తొంభై మాటేమిటి? క్రైస్తవుల డబ్బు గురించి అపోహలు – వాస్తవాలు

సికింద్రాబాద్‌లో చర్చిలు, క్రైస్తవ సొసైటీల ఖాతాలు ఆడిట్ చేయడం నా వృత్తి. దాని పుణ్యమా అని ఇంకో పని కూడా నెత్తిన పడింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు పక్కకు పిలిచి డబ్బు సంగతి అడుగుతారు. ఎక్కువగా అడిగేది పదో వంతు గురించే, అంటే ఆదాయంలో దేవునికని ఇచ్చే దశమభాగం గురించి. పీఎఫ్ పోగా వచ్చిన జీతం మీద లెక్కేయాలా, పోకముందు జీతం మీదా? బోనస్ మీద కూడా ఇవ్వాలా? మిగిలిన తొంభై వంతుల గురించి అడిగేవాళ్లు బాగా తక్కువ. అప్పులు, అన్నదమ్ముల గొడవలు, ఆస్పత్రి బిల్లులు అన్నీ ఉండేది ఆ తొంభైలోనే. హగ్గయి 2:8లో "వెండి నాది, బంగారు నాది" అన్న దేవుడు అందులో పదో వంతు నాది అనలేదు.

నా చెవిన తరచూ పడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: దశమభాగం సరిగ్గా కట్టేస్తే దేవుడితో లెక్క చెల్లిపోయినట్టే.

దశమభాగం తెస్తే ఆకాశపు వాకిండ్లు విప్పి దీవిస్తానన్న మలాకీ 3:10ని మనవాళ్లు కానుక కవర్ల మీద అచ్చు వేయిస్తారు. ఆకాశపు వాకిండ్లు అనగానే మిగతా వచనం సంఘమంతా కలిసి చెప్పేస్తుంది. అయిదు వచనాలు వెనక్కి వెళ్లి 3:5 చదవండి. దేవుడు ఎవరికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి వస్తానంటున్నాడు? మాంత్రికులు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణాలు చేసేవాళ్లు. వాళ్ల పక్కనే, కూలివాడి కూలి దగ్గర అన్యాయం చేసేవాళ్లు, విధవరాలిని, తండ్రి లేని పిల్లలను బాధపెట్టేవాళ్లు. దశమభాగం మాట ఆ తర్వాతే వస్తుంది.

దీన్ని మన ఇంటికి తెచ్చుకుంటే ఇబ్బందిగానే ఉంటుంది. పనమ్మాయి జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే జీతం కోస్తాం. డ్రైవర్ జీతం పదో తారీఖు దాకా లాగుతాం. చర్చి కవరు మాత్రం మొదటి ఆదివారమే వెళ్లిపోతుంది. కూలి డబ్బు తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 చెబుతోంది. నన్నడిగితే నెల మొదట్లో ముందు వెళ్లాల్సిన కవరు పనమ్మాయిదే.

ఇక గ్రాసా, నెట్టా అన్న ప్రశ్న. ధర్మశాస్త్రం పదో వంతు అడిగింది పొలం పంట మీద, మందల మీద. అందులో పెద్ద భాగం మందిర సేవ చేసే, భూమిలో వాటా లేని లేవీయులకు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చదివితే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ పదో వంతును దేవుని సన్నిధికి తీసుకెళ్లి ఇంటివాళ్లంతా కూర్చుని తిని సంతోషించమని ఉంది. దూరమైతే అమ్మి వెండిగా మార్చుకుని, అక్కడ మనసు కోరింది కొనుక్కోవచ్చు. మూడో ఏట దాన్ని ఊళ్లోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రి లేనివాళ్లకు, విధవరాండ్రకు పెట్టాలి. జీతం స్లిప్పుకు జవాబు ఇందులో దొరకదు. పౌలు ఇచ్చిన కొలత 2 కొరింథీ 9:7లో ఉంది: "సణుగుకొనకయు బలవంతముగా కాకయు", ఎవరి హృదయంలో వాళ్లు నిశ్చయించుకున్నట్టు. పదో వంతు మంచి క్రమం, మా ఇంట్లోనూ అదే పాటిస్తాం. గ్రాసో నెట్టో ఏదో ఒకటి నిర్ణయించుకుని ఏడాది పాటు దాని మీదే ఉండండి. దీనికోసం టెన్షన్ పడి నిద్ర చెడగొట్టుకోవద్దు.

అపోహ: అమ్మానాన్నలకు పంపే డబ్బును దశమభాగంలో కలిపేసుకోవచ్చు.

ఖమ్మంలో ఉన్న అమ్మకు నెలనెలా మందుల డబ్బు పంపడం కానుక కిందికి రాదు, అది బాధ్యత. దీన్ని తిరగేసి చేసేవాళ్లూ ఉన్నారు. చర్చికి ఇచ్చేశాం కాబట్టి ఇంటికి పంపడానికి మిగల్లేదంటారు. యేసు మార్కు 7లో కొర్బాను (దేవునికి అర్పించేశామన్న సాకు) గురించి పరిసయ్యులను తిట్టింది సరిగ్గా ఈ పనికే.

అపోహ: అప్పు చేసైనా విత్తన కానుక వేస్తే నూరంతలు తిరిగొస్తుంది.

కూకట్‌పల్లి వైపు ఉండే ఒక యువ జంట కాగితాలన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. ఫ్లాట్ ఈఎంఐ, కారు ఈఎంఐ, పాప స్కూలు ఫీజు. దశమభాగం ఒక్క నెలా తప్పలేదు. అది కాక టీవీలో ప్రసంగం విని, కింద పరుగెత్తే నంబరుకు ఫోన్లో అప్పుడప్పుడు విత్తన కానుకలు. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ తిప్పితే అసలు సంగతి బయటపడింది. నెలల తరబడి మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నారు. అలాంటి బాకీ మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం వేసుకోండి. లక్ష రూపాయల బాకీకి నెలకు 3,500. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 630. ఇదంతా పోయాక కూడా లక్ష లక్షలాగే ఉంటుంది.

"కానుక ఆపేస్తే దేవుణ్ణి మోసం చేసినట్టు కాదా, అన్నా?" అని ఆ అబ్బాయి అడిగాడు. "కానుక సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ, ముందు కారు అమ్మగలరా?" అన్నాను. అతను ముఖం గంటు పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం వెంటనే, "నేను ఎలాగూ మెట్రోలోనే వెళ్తున్నా" అంది. విత్తన కానుకలు పూర్తిగా ఆగిపోయాయి. దశమభాగం మీద నేను చెయ్యి పెట్టలేదు.

కొంచెంగా విత్తేవాడు కొంచెంగా కోస్తాడన్న 2 కొరింథీ 9:6, యెరూషలేములో పేదరికంలో ఉన్న విశ్వాసుల కోసం పౌలు చందా పోగు చేస్తున్నప్పటి మాట. ఆ పంట ఏమిటో కింది వచనాల్లో ఆయనే చెప్పాడు: ఇంకా ఉదారంగా ఇవ్వగలగడం, దేవునికి కృతజ్ఞతలు పెరగడం. ప్రసంగీకుడి కారు, మన ప్రమోషన్ అందులో లేవు. ఒక అధ్యాయం ముందు, 8:12లో, మనిషి తనకున్న కొద్దీ ఇస్తే చాలు, లేనిదాని కొద్దీ అక్కర్లేదని తేల్చేశాడు. ముషీరాబాద్‌లో గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను ప్రార్థనా మందిరం మన నగరానికి కొత్త కాదు. 2000లో కన్నుమూసిన సువార్తికుడు భక్తసింగ్ గారు అక్కడి నుంచి పరిచర్య నడిపారు. డబ్బు కోసం మనుషులకు విజ్ఞప్తులు చేయకూడదన్నది ఆయన నియమం. అదే ఊళ్లో ఇప్పుడు ఇన్ని నంబర్లు పరుగెత్తుతున్నాయి.

అపోహ: ఇవ్వడం ఉన్నవాళ్ల పని.

దోర్నకల్ బిషప్ అజరయ్య గారిని ఇక్కడ తలుచుకోవాలి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. నిరుపేద గ్రామ సంఘాలకు ఇవ్వడం నేర్పించారు. అన్నం వండే ముందు తల్లులు పిడికెడు బియ్యం పక్కన పెట్టే పద్ధతి అలాంటి సంఘాల్లోనిదే. మన నగరంలో కోత పండుగ నాడు జరిగే వేలం చూశారా? ఎవరో పెరట్లో కాసిన సొరకాయ తెస్తారు. దాన్ని ఇంకొకరు వేలకు పాడుకుంటారు. రిజిస్టర్‌లో పడేది పాడుకున్నవాళ్ల పేరే. సొరకాయ తెచ్చిన పెద్దమ్మ పేరు కూడా పక్కన రాయమని నేను చెబుతుంటాను, ఎవరూ వినరు.

అపోహ: ఇన్సూరెన్స్ తీసుకోవడం అవిశ్వాసం.

యోసేపు ఐగుప్తులో ఏడేళ్లు పంటలో అయిదో వంతు కొట్లలో పోయించాడు. లూకా 12లోని ధనవంతుడి తప్పు, తన కోసమే కూర్చుకుని దేవుని విషయంలో దరిద్రుడిగా ఉండిపోవడం. కొట్లు కట్టడంలో తప్పు లేదు. హెల్త్ పాలసీ వద్దన్న ఇంట్లోనే తర్వాత ఎవరికైనా ఆపరేషన్ వస్తే సంఘం వాట్సాప్ గ్రూపులో అకౌంట్ నంబర్ పెట్టాల్సి వస్తోంది. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అపోహ: మన బ్రదరే కదా చిట్టీ నడిపేది, కాగితాలు ఎందుకు?

ప్రార్థనతో మొదలైన మీటింగులో రశీదు అడగడానికి నోరు రాదు. మోసగాడికి కావలసిందీ ఆ మొహమాటమే. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీకి ముందు అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలి. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే స్కీములను 2019లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. నెలకు అయిదు శాతం ఇస్తానన్నవాడు ఎంత బాగా ప్రార్థన చేసినా సరే, రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. ఇంకొకరి అప్పుకు పూచీ ఉండే ముందు సామెతలు 6వ అధ్యాయం మొదటి అయిదు వచనాలు చదవండి.

అపోహ: ఇచ్చాక లెక్క అడగకూడదు, అది అభిషిక్తుని (దేవుని సేవకుని) మీద చెయ్యి వేయడమే.

నా పనిలో ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే. రాజులు రెండో గ్రంథం 12లో యోవాషు రాజు ఏలుబడి ఇరవై మూడో ఏడు వచ్చినా యాజకులు మందిరం మరమ్మతు చేయించలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం పెట్టి, బలిపీఠం పక్కన ఉంచాడు. పెట్టె నిండినప్పుడు రాజు తరఫు అధికారి, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టేవాళ్లు. దీనికి 15వ వచనం అడ్డం పెట్టేవాళ్లు ఉంటారు, పనివాళ్లు నమ్మకస్థులు కాబట్టి లెక్క అడగలేదని ఉందిగా అంటారు. నిజమే. ఆ మాట మేస్త్రీలకు డబ్బు పంచినవాళ్ల గురించి. పెట్టె తెరిచిన చోట మాత్రం ఇద్దరున్నారు. పౌలు కూడా తన చందా విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా, సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంటబెట్టుకున్నాడు.

బాగా నడిచే చర్చిలో ఆరాధన అవగానే వెస్ట్రీలో (చర్చి పక్క గదిలో) కానుక సంచులు బల్ల మీద కుమ్మరిస్తారు. పదులు, ఇరవైలు, మడత మడతలుగా చుట్టిన యాభైలు. ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు ముగ్గురు లెక్కపెట్టి, కవర్ల మీద పేర్లు రాసుకుని, అక్కడే రిజిస్టర్‌లో సంతకాలు చేస్తారు. సోమవారం ఆ మొత్తం బ్యాంకులో పడాలి. ఆదివారం అంకె, సోమవారం అంకె ఒకటి కాకపోతే నా ప్రశ్నలు మొదలవుతాయి.

ఇప్పుడు సంచి కంటే క్యూఆర్ కోడ్ ముఖ్యం. స్కాన్ చేయగానే మీ ఫోన్లో ఒక పేరు వస్తుంది. సొసైటీ పేరో, ట్రస్టు పేరో వస్తే సరే. ఒక వ్యక్తి పేరు వస్తే ఆ డబ్బు ఆ వ్యక్తి ఖాతాలోకే వెళ్తోంది. పాస్టరుగారికి ప్రేమతో ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, అది వేరు. చర్చి కానుక అని చెప్పి అలా తీసుకుంటుంటే కమిటీని మర్యాదగా అడగండి. "అయ్యగారూ, ఇది సంఘం ఖాతాయేనా?" అన్న మాటతో ఏ అభిషేకమూ పోదు.

పన్ను సంగతి రెండు ముక్కలు. చర్చికి ఇచ్చిన కానుకంతా 80జి పేరుతో తెలిసిన దానాల పన్ను మినహాయింపు కింద వస్తుందనుకోవడం పొరపాటు. ఒక మతానికో, మతవర్గానికో పరిమితమైన సంస్థకు మామూలుగా ఆ గుర్తింపు రాదు. సంఘం నడిపే అనాథాశ్రమం, ఆస్పత్రి లాంటివి వేరే సొసైటీ కింద ఉంటే వాటికి ఉండొచ్చు. అప్పుడు కూడా 2,000 దాటిన నగదుకు మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ మినహాయింపే లేదు. రశీదు మీద ఎక్కువ వేసి ఇమ్మని అడిగే విశ్వాసులు కూడా తగులుతుంటారు. వాళ్లకు రోమా 13:7 చదివి వినిపిస్తాను.

అపోహ: చనిపోయే ముందు చర్చికి ఆస్తి రాస్తే చెల్లదు.

ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది. 1925 భారత వారసత్వ చట్టంలో 118వ సెక్షన్ ఉండేది. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మత, ధర్మకార్యాలకు ఆస్తి రాయాలంటే చావుకు కనీసం ఏడాది ముందే వీలునామా రాయాలి, దాన్ని ఆరు నెలల్లోపు నిర్దేశించిన చోట భద్రపరచాలి. కేరళకు చెందిన ఒక ఫాదర్ వేసిన కేసులో 2003లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది.

తాతల ఆస్తి కాబట్టి రాయడానికి వీల్లేదనేది ఇంకో మాట. క్రైస్తవులకు వర్తించే ఈ చట్టంలో పుట్టుకతో వచ్చే హక్కు లేదు. వీలునామా లేకుండా పోతే భార్యకో భర్తకో మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానం. కూతురికీ కొడుకుకీ తేడా లేదు. కట్నం ఇచ్చేశాం కాబట్టి వాటా లేదన్న మాట చట్టం ముందు నిలవదు. ఆ కట్నమే 1961 నుంచి నేరం. అలా వచ్చిన డబ్బులోంచి దశమభాగం తీసేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఒక మతం ఉన్న ఇళ్లలో ఏ చట్టం వర్తిస్తుందన్నది చిక్కు ప్రశ్న. ముందు లాయర్ దగ్గరికి వెళ్లండి.

తార్నాకలో ఒంటరిగా ఉండే ఒక టీచరమ్మ ఫ్లాటును పాస్టరుగారి పేర రాయాలనుకున్నారు. "సాక్షి సంతకానికి పాస్టరమ్మగారు వస్తానన్నారండీ" అని చెప్పారు. మన చట్టంలో అలా చేస్తే వీలునామా ఉంటుంది కానీ ఆ ఫ్లాటు మాత్రం పాస్టరుగారికి రాదు. లబ్ధి పొందే మనిషి గానీ, ఆ మనిషి భార్య లేదా భర్త గానీ సాక్షి సంతకం పెడితే ఆ భాగం చెల్లదు. ఇంతకీ మనిషి పేర ఎందుకమ్మా, సంఘానికి ఇవ్వాలనుకుంటే సొసైటీ పేర రాయండి అన్నాను. విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి మార్కు 12:40లో ఉంది. రెండు కాసులు వేసిన విధవరాలు ఆ మరుసటి వచనాల్లోనే వస్తుంది. టీచరమ్మ ఆ భాగం నా ముందే చదివారు.

చివరికి ఫ్లాటులో సగం చెల్లెలి కూతురికి, సగం సంఘం నడిపే హాస్టల్ సొసైటీకి రాశారు. సాక్షులుగా ఎదురింటి ఆయన, ఆవిడ డాక్టరు సంతకాలు పెట్టారు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించమన్నాను, తర్వాత ఎవరైనా కోర్టుకెక్కితే పనికొస్తుంది. బతికుండగానే ఫ్లాటు ఇచ్చేయాలంటే మాత్రం గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ కావలసిందే. పెళ్లికి ముందు వీలునామా రాసిపెట్టుకున్న క్రైస్తవులు ఒకటి గుర్తుంచుకోండి: పెళ్లి అయిన రోజున ఆ కాగితం రద్దవుతుంది, కొత్తది రాసుకోవాలి.