బస్తీల్లో మత్తు వ్యసనం: మేం వినే అపోహలు, చూసిన వాస్తవాలు

పట్టణ బస్తీల్లో మత్తు వ్యసనాల మీద పనిచేసే కౌన్సెలర్‌ని. కింద రాసిన అపోహలు బయటివాళ్లవే కావు, మా రంగంలో ఉన్నవాళ్ల నోటా తరచూ వినపడతాయి. మొదటిదాన్ని నేనూ చాలాకాలం నమ్మాను.

అపోహ: మత్తు మాన్పించే కార్యక్రమానికి ప్లాన్ నిపుణులు వేస్తారు, బస్తీ జనం సహకరిస్తే చాలు.

వాస్తవం: ఒక బస్తీలో కౌన్సెలింగ్ కేంద్రం తెరిచాం. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా. నెల గడిచినా కుర్చీలు ఖాళీ. మానాలన్న కోరిక వాళ్లకే లేదనుకున్నాం. చివరికి పెద్ద చార్టు నేల మీద పరిచి, మీ బస్తీ మ్యాప్ మీరే గీయండి అన్నాం. ఒకావిడ స్కెచ్ పెన్ తీసుకుని మా కేంద్రం ఎదురుగా చిన్న గీత గీసింది. "ఇక్కడ అరుగుంది. పొద్దస్తమానం ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. మావాడు మీ మెట్లెక్కితే సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది, ఎలా వస్తాడు?" అంది. కూలికెళ్లేవాళ్లు ఐదింటికి ఇంకా పనిలోనే ఉంటారని ఇంకొకాయన అన్నాడు. వెనక గుమ్మం తెరిచాం, టైం రాత్రి ఏడు నుంచి తొమ్మిదికి మార్చాం. ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఆ అరుగు సంగతి మా సర్వే ఫారంలో ఏ ప్రశ్నకూ జవాబుగా వచ్చేది కాదు.

అపోహ: బస్తీ పెద్దలతో మాట్లాడితే బస్తీతో మాట్లాడినట్టే.

వాస్తవం: పెద్దలు చాలాసార్లు "మా దగ్గర అలాంటివేం లేవు" అంటారు, లేదా ఏదో ఒక మూలనున్న కుర్రాళ్లను ఖాళీ చేయించమంటారు. అద్దెకుండేవాళ్లు, వలస వచ్చినవాళ్లు మీటింగ్‌కే రారు. మత్తుకు అలవాటుపడ్డ ఆడవాళ్లయితే పేరు బయటపడుతుందని, పిల్లల్ని దూరం చేస్తారని భయపడి అసలు కనిపించరు. వాళ్లతో విడిగా, పేర్లు రాసుకోకుండా కూర్చోవాలి.

అపోహ: మత్తులో ఉన్నవాళ్లకు ప్లానింగ్‌లో ఏం పని?

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. వాడిన సూది తీసుకుని కొత్తది ఇచ్చే సూదుల మార్పిడి కార్యక్రమం 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైంది డ్రగ్స్ వాడేవాళ్ల సంఘం చొరవతోనే. అప్పట్లో వాళ్లను భయపెట్టింది, ఒకరి సూది ఇంకొకరు వాడితే సోకే కాలేయ జబ్బు హెపటైటిస్ బి.

ఓవర్‌డోస్‌కు విరుగుడుగా ఇచ్చే నలాక్సోన్ అనే మందు సంగతీ అంతే. హెరాయిన్ లాంటివి మోతాదు మించితే, అంటే ఓవర్‌డోస్ అయితే, ఊపిరి ఆగిపోవచ్చు. ఆ నిమిషంలో పక్కనుండేది డాక్టరు కాదు, తోటి వాడేవాళ్లో, ఇంట్లోవాళ్లో. అందుకే 1996లో చికాగోలో ఈ మందును వాళ్ల చేతికే ఇవ్వడం మొదలుపెట్టారు. 2010 నాటికి అమెరికాలో ఇలాంటి కార్యక్రమాల ద్వారా 53 వేల మందికి పైగా శిక్షణ పొంది మందు అందుకున్నారు, 10 వేలకు పైగా ఓవర్‌డోస్‌లలో మనిషి తేరుకునేలా చేశారు. మందు ప్రభావం కాసేపట్లో తగ్గిపోతుంది కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడం తప్పనిసరి. అదీ వాళ్లకు నేర్పారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, ఓవర్‌డోస్‌ను కళ్లారా చూసే అవకాశమున్నవాళ్లకు నలాక్సోన్ అందుబాటులో ఉండాలని సిఫారసు చేసింది.

ఇంకో మాట. మనం జీతం తీసుకుంటూ కూర్చున్న మీటింగ్‌కి వాళ్లను ఆ రోజు కూలి పోగొట్టుకుని రమ్మనడం న్యాయం కాదు. వాళ్ల సమయానికీ డబ్బివ్వాలి.

అపోహ: స్కూళ్లలో భయపెట్టే ఉపన్యాసాలు ఇస్తే పిల్లలు దూరంగా ఉంటారు.

వాస్తవం: భయం ఎక్కువ రోజులు నిలవదు. ఐస్‌లాండ్‌లో పిల్లలతో సర్వేలు చేసి, ఆ ఫలితాలను స్థానిక స్కూళ్లకు, తల్లిదండ్రులకు చేరవేశారు. ఆటలకూ, సంగీతానికీ వీలు కల్పించారు, తల్లిదండ్రులను కలుపుకున్నారు. గత నెలలో తాగి మత్తెక్కామని చెప్పిన 15, 16 ఏళ్ల పిల్లలు 1998లో 42 శాతం ఉంటే, 2016కి 5 శాతానికి తగ్గారు.

అపోహ: ఒకసారి మీటింగ్ పెట్టి అభిప్రాయాలు తీసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: కాదనే హక్కు కూడా వాళ్లకుండాలి. మా కేంద్రంలో ఏం మార్చాలన్నా ఆరుగురు బస్తీవాళ్లున్న కమిటీ ఒప్పుకోవాలి. అందులో ఇద్దరు ఇంకా చికిత్సలోనే ఉన్నారు. పోయిన నెల అవగాహన సభకు పోలీసు అధికారిని పిలుద్దామని మేం అన్నాం. "ఆయన వచ్చి వెళ్లాక వెనక గుమ్మం దగ్గరికి ఎవరూ రారు" అన్నారు ఆ ఇద్దరూ. పిలవలేదు.