ర్యాంపు గురించి మిమ్మల్ని అడిగితే

బిడ్డలారా,

బడికి ర్యాంపో (వీల్‌చైర్ ఎక్కేందుకు మెట్ల బదులు వేసే వాలు దారి), కొత్త మరుగుదొడ్డో కట్టేముందు "పిల్లల్ని కూడా అడుగుదాం" అంటే సంతోషమే. అయితే ఎట్లా అడుగుతున్నారో మీరు కనిపెట్టి ఉండాలి.

ముందు లెక్క. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ర్యాంపు కావాలి. వరండా అడుగున్నర ఎత్తుంటే 18 అడుగులు. జాగ లేదని మేస్త్రీ ఏడడుగుల్లో ముగించాడా, ఎవరో ఒకరు తోస్తే తప్ప వీల్‌చైర్ ఎక్కదు, దిగేటప్పుడు బోర్లా పడేస్తుంది. జాగ చాలకుంటే మలుపు తిప్పి వేయొచ్చు. మలుపు దగ్గరా, తలుపు ముందరా ఐదడుగుల చదును ఉండాలి, లేకుంటే తలుపు తీయబోతే బండి వెనక్కి జారుతుంది. గచ్చు నున్నగా పూస్తే వానకు కాలు నిలవదు. ఎన్నికలప్పుడు బడిలో పోలింగ్ కోసమని హడావిడిగా వేసిన ర్యాంపైతే గది గుమ్మం దగ్గరే ఆగుతుంది, మరుగుదొడ్డి దాకా పోదు.

ఇవి టేపు చెప్పే సంగతులు. మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకుంటే, బండి లోపలికి పోయాక దాన్ని మూసుకోలేమని మాత్రం రోజూ వాడే పిల్లకే ముందు తట్టుతుంది. అందుకే ఆమెను అడగాలి. కానీ ప్రార్థనలో నిలబెట్టి "నీ కష్టం చెప్పమ్మా" అనడం అడగడం కాదు. మర్రిగూడ దిక్కు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వంగిన కాళ్లను ఎంతమంది ఫొటోలు తీసుకుపోయారో మన నల్గొండోళ్లకు తెలియంది కాదు. ఫొటోకు అమ్మానాన్నలు సరేనన్నా, బిడ్డ వద్దంటే వద్దు. చెప్పనన్నందుకు ఆ బిడ్డను ఎవరూ చిన్నచూపు చూడకూడదు.

పేరు లేని చీటీలు మేలంటారు. ఇరవై మంది ఉన్న తరగతిలో చేతిరాత చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది. రాయలేనివాళ్లూ ఉంటారు. తనకు నమ్మకమున్న ఒక్కరికి నోటితో చెప్పే వీలు కూడా ఉంచాలి. ఇంకొకటి: కళ్లకు గంతలు కట్టుకుని అరగంట నడిచి "మాకూ తెలిసింది" అనుకోవద్దు. మీకు తెలిసేది భయమే, చూపు లేకుండా రోజూ నడిచేవాళ్ల నేర్పు కాదు.

ర్యాంపు కావాలా, క్రికెట్ పిచ్ కావాలా అని చేతులెత్తించి ఓటు పెడితే ఒప్పుకోకండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. బడి భవనం, ఆవరణ అందరికీ అందుబాటులో ఉండాలని అందులో ఉంది. ఎక్కడ, ఎట్లా అన్నదే మీరు మాట్లాడాల్సింది.

సిమెంటు కలపకముందే ముగ్గుపిండితో నేలమీద అసలు కొలతకే గీయించండి. దారిలో నల్లా అడ్డొస్తుందా, చెట్టు వేరు లేస్తుందా అప్పుడే తేలుతుంది, చెరిపి గీయడానికి ఖర్చుండదు. మీరు చెప్పినవాటిలో ఏది చేశారు, ఏది చేయలేదు, ఎందుకు చేయలేదు, ఈ మూడూ నోటీసు బోర్డు మీద రాయమని హెడ్‌మాస్టరు సారును అడగండి.

ఇట్లు,
మీ తాత