రోబో మొదట మర కాదు

యంత్రం చేసిన నష్టానికి ఎవరు జవాబుదారీ అన్న వాదన మళ్లీ రాజుకుంది. కృత్రిమ మేధ వల్ల నష్టపోయినవారు పరిహారం పొందడం సులువు కావాలని యూరోపియన్ కమిషన్ 2022లో ఒక చట్టాన్ని ప్రతిపాదించింది. ఏకాభిప్రాయం కుదిరే సూచనలు లేవంటూ దాన్ని వెనక్కి తీసుకుంటామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. యంత్రంలోనే సరైన నియమాలు నాటితే చాలని ఒక పక్షం అంటోంది. నియమాలు యంత్రానికి కాదు, దాన్ని తయారుచేసి అమ్మేవారికి ఉండాలన్నది రెండో పక్షం మాట. ఈ రెండు వాదనలూ చట్టసభల్లో పుట్టలేదు. తొలినాటి సైన్స్ ఫిక్షన్ నుంచి వచ్చాయి.

సైన్స్ ఫిక్షన్‌కు ఆద్యులనదగ్గ మేరీ షెల్లీ, జూల్ వెర్న్, వెల్స్‌ల సంగతి పాఠకులకు తెలిసిందే కనుక అక్కడి నుంచి మొదలుపెట్టడం లేదు. నా లెక్కలో అసలు మలుపు 1920కీ 1942కీ మధ్య ఉంది. ఆ ఇరవై రెండేళ్లలో రోబో పనివాడు కాస్తా పనిముట్టు అయ్యాడు.

ఆ మార్పు కళ్లకు కట్టేది 1928 సెప్టెంబరు 15న, లండన్‌లో. నమూనా యంత్రాలు చేసేవారి ప్రదర్శన ఒకటి రాయల్ హార్టికల్చరల్ హాలులో మొదలైంది. ప్రారంభించింది మనిషి కాదు. ఎరిక్ అని పేరు పెట్టిన అల్యూమినియం బొమ్మ కుర్చీలోంచి లేచి, సభకు వంగి నమస్కరించి, ఉపన్యాసం ఇచ్చింది. దాని ఛాతీ మీద ఆర్.యు.ఆర్. అని మూడు అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. అవి చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకం పేరులోని అక్షరాలు. ఆ నాటకంలో లోహపు బొమ్మ ఒక్కటీ లేదు.

1920లో అచ్చయి, 1921 జనవరి 25న ప్రాగ్ జాతీయ రంగస్థలం మీద ఆడిన ఆ నాటకంలో రోబోలు రక్తమాంసాల్లాంటి పదార్థంతో తయారవుతారు. ఒక దీవిలో కర్మాగారం. అక్కడ జీవపదార్థాన్ని పిండిలా కలిపే తొట్లు ఉంటాయి. కాలేయాలకూ మెదళ్లకూ వేరువేరు గంగాళాలు. నరాలనూ రక్తనాళాలనూ నూలు వడికినట్టు వడికే మిల్లు. చూడటానికి వచ్చిన హెలెనా ఎదురుగా ఉన్నది రోబో అంటే నమ్మలేకపోతుంది, మనిషే అనుకుంటుంది. ఇదే నాటకానికి ఆయువుపట్టు. మనిషికీ రోబోకూ తేడా రూపంలో లేదు, హక్కుల్లో ఉంది.

రోబో అన్న మాట లోకానికి పరిచయమైంది ఈ నాటకంతోనే. ఆ మాటలోనే ఆ సంగతి ఉంది. చెక్ భాషలో రోబోత అంటే భూస్వామి పొలంలో రైతు చచ్చినట్టు చేయాల్సిన వెట్టి. హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యంలో అది 1848లో రద్దయింది. నాటకం చూడటానికి వచ్చినవారికి అది తాతల కాలపు సంగతి. మనం తెలుగులో వాడే మరమనిషి అన్న మాట లండన్ బొమ్మకు సరిపోతుంది గాని, ప్రాగ్ నాటకానికి సరిపోదు. దానికి వెట్టిమనిషి అన్నదే దగ్గర.

ఆ మాట కారెల్‌ది కూడా కాదు. 1933 డిసెంబరులో ఒక పత్రికలో ఆయనే రాశాడు: లాటిన్ నుంచి తీసిన ఒక పేరు తనకు తోచింది గాని పుస్తకాల భాషలా అనిపించిందట. అన్న యోసెఫ్ చిత్రకారుడు. ఈజిల్ ముందు నిలబడి, కుంచె నోట్లో పెట్టుకునే, అయితే రోబోలు అను అని గొణిగాడట. 2017లో యూరోపియన్ పార్లమెంటు రోబోల మీద చేసిన తీర్మానం మాత్రం ఆ మాటను పుట్టించింది కారెల్ అనే రాసింది.

నాటకంలో ఒక చిన్న ఘట్టం నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. రోబోలకు నొప్పి తెలియదు. యంత్రంలో చెయ్యి పడినా తీసుకోరు, వేళ్లు తెగినా పట్టించుకోరు. అది కంపెనీకి నష్టం. అందుకని కర్మాగారంలోని శాస్త్రవేత్త డాక్టర్ గాల్ వాళ్లకు నొప్పి తెలిసే నరాలు పెట్టే పనిలో ఉంటాడు. కారణం జాలి కాదు, సరుకు పాడవకూడదని.

తర్వాతి కథ కూడా లెక్కల మీదే నడుస్తుంది. రోబోల వల్ల పని పోయిన కార్మికులు తిరగబడతారు. ప్రభుత్వాలు రోబోల చేతికి తుపాకులు ఇస్తాయి. ఆ రోబోలే చివరికి కర్మాగారాన్ని చుట్టుముట్టినప్పుడు, లోపల చిక్కుకున్నవారు తప్పెవరిదని తర్కించుకుంటారు. ప్రపంచమంతా రోబోలు కావాలంది, మనం సరఫరా చేశామంతే అన్నది లెక్కలు చూసే బుస్‌మన్ సమర్థన. లోపలివారిలో కట్టడాల పని చూసే ఆల్క్విస్ట్‌ను ఒక్కణ్ణి మాత్రం రోబోలు చంపరు. అతడు తమలాగే చేతులతో పని చేస్తాడు కనుక.

ఇంత ఉన్న నాటకంలోంచి ప్రదర్శనశాలలు తీసుకున్నది పేరు ఒక్కటే. 1935లో చాపెక్ మళ్లీ పత్రికకెక్కి, తాను రేకులతో, పళ్లచక్రాలతో మనుషులను సృష్టించలేదని గట్టిగా చెప్పుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఎలెక్ట్రో అనే ఏడడుగుల లోహపు రోబో చెప్పినట్టు నడిచి, సిగరెట్ కాల్చి జనాన్ని మురిపించింది.

అమెరికన్ రచయిత ఐజాక్ అసిమోవ్ మొదటి రోబో కథ రాసింది ఆ ఏడాదే, పంతొమ్మిదేళ్ల వయసులో. సృష్టించినవాడినే కబళించే యంత్రాల కథలు ఆయనకు విసుగు పుట్టించాయి. కత్తికి పిడి ఉన్నట్టు రోబోకూ రక్షణ ఏర్పాటు ఉంటుందన్నది ఆయన వాదన, అందులో న్యాయం ఉంది. 1940 డిసెంబరులో సంపాదకుడు క్యాంప్‌బెల్‌తో జరిగిన సంభాషణలో తేలిన మూడు సూత్రాలు 1942 మార్చిలో ఒక కథలో పూర్తిగా అచ్చయ్యాయి. మనిషికి హాని చేయకూడదు, జరుగుతుంటే చూస్తూ ఊరుకోకూడదు. దానికి భంగం కలగనంతవరకు మనిషి ఆజ్ఞ పాటించాలి. ఈ రెంటికీ భంగం కలగనంతవరకు తనను తాను కాపాడుకోవాలి.

చాపెక్ వైపు నుంచి చూస్తే రెండో సూత్రం రోబోతే, మూడోది డాక్టర్ గాల్ పెట్టిన నరం. సూత్రాలు అచ్చయిన ఆ 1942 కథలోనే బుధగ్రహం మీది రోబో ఖరీదైనది కనుక మూడో సూత్రాన్ని బలంగా బిగించారు. సెలీనియం అనే మూలకాన్ని తెమ్మన్న ఆజ్ఞను తేలికగా ఇచ్చారు. అటు ఆజ్ఞ, ఇటు ఆత్మరక్షణ సమానమై, పాపం ఆ రోబో సెలీనియం మడుగు చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది. సూత్రాలు పొసగకపోతే ఏమవుతుందో అసిమోవ్ మొదటి రోజునే చూపించాడు. ఆయన పేరు చెప్పి నియమాలు చాలనేవారు ఈ కథను తలవరు.

2017 తీర్మానం ఈ సూత్రాలనూ ప్రస్తావించింది. వాటిని యంత్రభాషలోకి మార్చలేం కనుక రూపకర్తలకూ, ఉత్పత్తిదారులకూ, నడిపేవారికీ వర్తించేవిగా చూడాలంది. అదే తీర్మానం రోబోలకు ఎలక్ట్రానిక్ వ్యక్తులుగా చట్టబద్ధ హోదా ఇచ్చే ఆలోచననూ ముందుకు తెచ్చింది. అలా చేస్తే తయారీదారులు తప్పించుకుంటారని 150 మందికి పైగా నిపుణులు 2018లో బహిరంగ లేఖ రాశారు. 2020 అక్టోబరులో పార్లమెంటే అటువంటి హోదా అవసరం లేదని తేల్చింది. 2022 ప్రతిపాదన అటకెక్కాక యూరప్‌లో బాధితులకు ప్రధానంగా మిగిలింది 2024లో తిరగరాసిన ఉత్పత్తి బాధ్యత ఆదేశం. సాఫ్ట్‌వేర్‌నూ అది ఉత్పత్తిగానే లెక్కిస్తుంది. సభ్యదేశాలు దాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి 2026 డిసెంబరు 9 గడువు. దాని ప్రకారం లోపానికి మొదట జవాబు చెప్పాల్సింది తయారుచేసినవారే.