మడత కాజా: పొరల మధ్య ఏముంది?

తాపేశ్వరం మడత కాజాను మధ్యకు విరిస్తే పలచటి పొరలు, వాటి మధ్య సందులు, ఆ సందుల నిండా పాకం కనిపిస్తాయి. అరచేతిలో ఇమిడే మిఠాయిలో అంత పంచదార, అంత కొవ్వు పట్టేది ఆ సందుల వల్లే. కాజాలోని పోషకాల లెక్క తేలాలంటే ముందు పొరలు ఎలా వస్తాయో చూడాలి.

మైదాలో కొద్దిగా నెయ్యి వేసి గట్టిగా కలిపి, అరగంట నాననిచ్చి, పలచగా వత్తుతారు. పైన నెయ్యి, బియ్యప్పిండి కలిపిన పూత రాసి, చుట్ట చుట్టి, ముక్కలు కోసి, అప్పడాల కర్రతో కాస్త నొక్కుతారు. నూనెలో పడగానే పిండిలోని తేమ ఆవిరవుతుంది. పొరల మధ్య నెయ్యి ఉంది కాబట్టి అవి అతుక్కోవు, ఆవిరి వాటిని విడదీస్తుంది. పూతలో నెయ్యి బాగా తగ్గిస్తే మడతలు కలిసిపోయి గట్టి బిళ్ల తయారవుతుంది. నెయ్యీ నూనే లేని మడత కాజా అన్నది మాటవరసకే.

వేయించేటప్పుడు నూనె 140–150 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. మరీ కాగితే పైన ఎర్రబడి లోపలి పొరలు పచ్చిగా మిగులుతాయి. ఇక కాజా నూనె పీల్చేది ఎక్కువగా బాణలిలో ఉన్నప్పుడు కాదు, తీశాక. వేగుతున్నంతసేపూ బయటికి తోసుకొచ్చే ఆవిరి నూనెను లోపలికి రానివ్వదు. తీసి చల్లారుతుంటే లోపలి ఆవిరి నీరై, ఆ ఖాళీలోకి పైన అంటిన నూనె దిగుతుంది. అందుకే చిల్లుల గరిటెతో తీయగానే బాణలి మీదే బాగా విదిలించి, జల్లెడలో నిలువుగా పేర్చాలి. ఆ తర్వాతే పాకం. పాకం లేతగా ఉంటే కాజా మెత్తబడుతుంది. ముదిరితే లోపలికి దిగక పైనే పంచదార పేరుకుంటుంది. వేడిగా ఉన్న తీగపాకం సరిపోతుంది.

ఇప్పుడు లెక్క. పావుకిలో మైదాతో ఇంట్లో 20 చిన్న కాజాలు చేశారనుకుందాం. పిండిలోకి, పూతలోకి కలిపి 60 గ్రాముల నెయ్యి, వేపుడులో పట్టిన నూనె మరో 60 గ్రాములు, పూతకు 20 గ్రాముల బియ్యప్పిండి, లోపలికి దిగిన పంచదార 200 గ్రాములు. ఒక్కో కాజాకు 10 గ్రాముల పంచదార, 6 గ్రాముల కొవ్వు, 140 కేలరీల చొప్పున వస్తుంది. నూనె ఎంత పట్టిందో, పాకం ఎంత దిగిందో మీ వంటలో తేల్చుకోవడం తేలికే: బాణలిలోని నూనెను, గిన్నెలోని పాకాన్ని ముందూ తర్వాతా తూకం వేయండి. మిఠాయి కొట్లో దొరికే పెద్ద కాజా వంద గ్రాములుంటే, ఇదే పాళ్లలో దాదాపు 450 కేలరీలు. అందుకే ‘ఒక్కటే తిన్నాను’ అనే లెక్క పనికిరాదు. ఇక కాకినాడ గొట్టం కాజా లోపల బోలు. అందులో నిండేది పాకమే.

రోజుకు 2000 కేలరీలు తినేవారికి విడి చక్కెరలు (పంచదార, బెల్లం, తేనె వంటివి) 50 గ్రాములు దాటకూడదని, 25 లోపుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రెండు చిన్న కాజాలు తింటేనే 20 గ్రాములు. 25 గ్రాముల లెక్క పాటిస్తే ఆ రోజు కాఫీ, టీలలో పంచదారకు మిగిలేది చెంచాడే.

బెల్లం పాకం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. గోధుమపిండి కొంత నయం. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల మైదాలో పీచు 3 గ్రాముల లోపే, గోధుమపిండిలో 11 గ్రాముల పైన. కానీ తవుడు రేణువులు పిండి సాగుడును తెంపడంతో పలచగా వత్తితే చిరుగుతుంది. సగం మైదా కలిపితే పొరలు నిలుస్తాయి. అప్పుడైనా పాకం తగ్గదని మరవకండి.

కొనేటప్పుడు దేంతో చేశారో అడగడం మంచిది. వనస్పతిలో గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వులు ఒకప్పుడు చాలా ఎక్కువ. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో వాటికి 2 శాతం పరిమితి ఉంది. పదేపదే కాచిన నూనె సమస్య మాత్రం వేరు. విరిచినప్పుడు నూనె కంపు కొడితే పక్కన పెట్టేయండి.

భోజనం చివర తింటే అన్నం తగ్గించాలి. చిన్న కాజాలోని 20 గ్రాముల పిండిపదార్థం సుమారు 70 గ్రాముల వండిన అన్నంతో సమానం. అయితే అన్నం ఆ మేరకు తగ్గించినా కాజాలోని కొవ్వు అదనమే. ఆ పూట వేపుడు కూర మానేస్తే కొంత సర్దుకుంటుంది.

మధుమేహం ఉన్నవారు ఇంకో సంగతి గమనించాలి. కొవ్వు వల్ల తిన్నది కడుపులోంచి మెల్లగా కదులుతుంది, కాబట్టి రక్తంలో గ్లూకోజ్ ఆలస్యంగా పెరిగి ఎక్కువసేపు నిలవవచ్చు. రెండు గంటలకు చూసి బాగానే ఉందనుకోకుండా, నాలుగో గంటలో మరోసారి చూసుకుంటే అసలు ప్రభావం తెలుస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారు ఆ రెండు అంకెలనూ డాక్టరుకు చూపించి మోతాదు అడగాలి, సొంతంగా మార్చకూడదు.