డ్రైవర్ ముఖం మీద కెమెరా: ముందొచ్చిన పెట్టె సంగతేంటి?

కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున ప్రైవేటు బస్సు తగలబడినప్పటి నుంచి ‘నిద్రమత్తును పట్టేలా డ్రైవర్ ఎదురుగా కెమెరా పెట్టాల్సిందే’ అన్న మాట మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. నిజానికి అక్కడ బస్సు ఢీకొన్నది అంతకుముందే రోడ్డు మీద పడి ఉన్న బైకును. ఆ మంటలకు వేగం ఒక్కటే కారణమనలేం. అయినా చర్చ మాత్రం డ్రైవర్ సీటు దగ్గరే ఆగింది.

బస్సు తగలబడిన 2013 పాలెం ప్రమాదం నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, అది అందరికీ గుర్తే. వేగం హద్దు దాటకుండా ఆపే పరికరం, అంటే స్పీడ్ గవర్నర్ ఉండాలన్న 2015 నాటి నిబంధనా తెలిసిందే: కొత్త రవాణా వాహనాలు గంటకు 80 కిలోమీటర్లు, టిప్పర్లు, ట్యాంకర్లు, స్కూలు బస్సులైతే 60 దాటకూడదు. ఫిట్‌నెస్ పరీక్ష రోజున గవర్నర్ బిగించి మర్నాడు పీకేసే తంతు కూడా కొత్తేమీ కాదు.

వేగాన్ని కనిపెట్టడంలో అసలు మలుపు, బండ్లలో ట్రాకింగ్ పెట్టె గురించి 2018 అక్టోబరులో వచ్చిన ఒక గెజిట్ నోటిఫికేషన్. దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత మహిళల రక్షణ కోసమని ప్రయాణికుల వాహనాల్లో ట్రాకింగ్ పరికరం, ఎమర్జెన్సీ బటన్ ఉండాలని కేంద్రం 2016 నవంబరులో నిబంధన తెచ్చింది. బస్సులో కర్టెన్ వెనక సగం దాగి కనిపించే ఎర్ర బటన్ అదే. దాని వెనకున్న పెట్టె చిన్నదే గానీ పనిమంతురాలు. లోపల సిమ్ ఉంటుంది, సొంత బ్యాటరీ ఉంటుంది. బండి ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో పంపుతుంది. హఠాత్తుగా బ్రేకేసినా, మలుపులో విసురుగా తిప్పినా కబురు పెడుతుంది. ఎవరైనా వైరు పీకితే, పీకిన సంగతి కూడా చెబుతుంది. గవర్నర్‌కు లేని నోరు దీనికుంది.

2018 ఏప్రిల్ నుంచి అమలు కావాల్సిన ఈ నిబంధన వాయిదా పడింది. చివరికి అక్టోబరు నోటిఫికేషన్ తేల్చిందేమిటంటే, 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే బండ్లకు తప్పనిసరి, అంతకు ముందువాటికి ఎప్పటి నుంచన్నది ఆయా రాష్ట్రాల ఇష్టం. పెట్టె పంపే సమాచారం అందుకునే కంట్రోల్ రూములను నడపాల్సిందీ రాష్ట్రాలే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో ‘అభయం’ పేరుతో విశాఖ ఆటోలతో మొదలుపెట్టారు. మొదట వెయ్యి, లక్ష్యం లక్ష. అదీ మహిళల భద్రత పథకమే, వేగం మీద నిఘా కోసం పెట్టింది కాదు.

చిన్నటేకూరు బస్సు మొదట రిజిస్టరయింది 2018లోనే, డామన్‌లో. తర్వాత ఒడిశాకు మారింది. తిరిగింది హైదరాబాద్–బెంగళూరు రూటులో. అందులో పెట్టె ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి. ఒకవేళ ఉండి, అర్ధరాత్రి అలారం పంపి ఉంటే ఏ రాష్ట్రంలో మోగాలి? తెలంగాణలోనా, ఆంధ్రలోనా, కర్ణాటకలోనా, ఒడిశాలోనా?

కెమెరాల మీద డ్రైవర్ల అభ్యంతరం ఇక్కడి నుంచే మొదలవుతుంది. వేగం చెప్పే పెట్టెను ఇన్నేళ్లూ పట్టించుకోని వ్యవస్థ ఇప్పుడు మా కళ్లు, ఆవులింతలు లెక్కపెడతానంటే నమ్మేదెలా అంటారు వాళ్లు. వాళ్ల లెక్క సూటిగానే ఉంటుంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు 570 కిలోమీటర్ల చిల్లర. ఎక్కడా ఆగకుండా, ట్రాఫిక్ లేకుండా 80లోనే పోయినా ఏడు గంటలు దాటుతుంది. పికప్ పాయింట్లు, టోల్‌గేట్లు, టీ హోటల్ కలిపితే ఎంతవుతుందో బస్సెక్కిన ఎవరికైనా తెలుసు. టికెట్ మీద చేరే టైము వేసేది డ్రైవర్ కాదు. ఆలస్యమైతే ప్రయాణికులు తిట్టేది, యజమాని ఫోన్ చేసి నిలదీసేది మాత్రం అతన్నే. కెమెరా రికార్డు యజమాని చేతికే పోతే అది భద్రత కోసమా, బాటా (రోజు భత్యం)లో కోత కోసమా అని అడుగుతున్నారు. యజమానులు మాత్రం నిద్రమత్తును పట్టడానికి ఇంతకు మించిన దారి లేదంటున్నారు.

2025 మార్చిలో కేంద్రం ఇచ్చిన ముసాయిదాలో బస్సులు, లారీలకు డ్రైవర్ నిద్రమత్తును గుర్తించే హెచ్చరిక వ్యవస్థ కూడా ఉంది. తెలంగాణ ఆర్టీసీలో ‘ఐరాస్తే’ అనే రోడ్డు భద్రత ప్రాజెక్టు కింద 200 బస్సుల కోసం తీసుకున్న పరికరాల దారి వేరు. అవి చూసేది రోడ్డు వైపు, హెచ్చరించేది డ్రైవర్‌నే. ఈ తేడాను చర్చలో ఎవరూ ఎత్తడం లేదు.

నిద్ర విషయానికొస్తే, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చేదాకా ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రోజుకు పని ఎనిమిది గంటలు, దూరపు రూట్లలో పది దాకా ఉండేది. ఇంజన్ ఎప్పుడు ఆన్ అయిందో, ఎప్పుడు ఆఫ్ అయిందో కూడా ఆ పాత పెట్టె పంపుతుంది. డ్యూటీ చార్టును దాని పక్కన పెట్టి చూస్తే ఏ డ్రైవర్ ఎన్ని గంటలు నడిపాడో తేలిపోతుంది. అందుకు కొత్త కెమెరా అక్కర్లేదు, యజమాని దగ్గరున్న చార్టు అడిగితే చాలు.