తడిపితే కొత్తది, ఆరితే పాతది

ఒక పాఠకుడి ప్రశ్న ఇది: “మా ఫైబర్‌గ్లాస్ పడవ ఒకప్పుడు ముదురు నీలం. ఇప్పుడు బూడిద పూసినట్టుంది. నీళ్ళు పోసి కడుగుతున్నంతసేపూ కొత్తదానిలా నిగనిగలాడుతుంది. ఆరగానే మళ్ళీ మామూలే. మైనం పూస్తే కొన్ని వారాలు బాగుంటుంది, తర్వాత ఆ ముచ్చటా తీరిపోతుంది. ఇంతకీ రంగు ఉన్నట్టా, పోయినట్టా?”

రంగు చాలావరకు ఉన్నచోటే ఉంది. దాని మీద తెల్లటి వెలుతురు పరుచుకుని, లోపలి రంగును కంటికి అందనివ్వడం లేదు. ఆ వెలుతురు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే కడగడం, రుద్దడం, మైనం పూయడం అనే మూడు పనుల్లో ఏది ఎందుకో దానంతటదే తేలిపోతుంది.

ఆకుపచ్చ గాజు సీసా ఒకటి పగిలిందనుకోండి. పెంకు ముక్క ఆకుపచ్చగానే ఉంటుంది. దాన్ని మెత్తగా నూరితే వచ్చే పొడి మాత్రం దాదాపు తెల్లగా ఉంటుంది. గాజు మారలేదు, అందులోని రంగు పదార్థం మారలేదు. మారింది ఉపరితలాల సంఖ్య. గాలిలోంచి గాజులోకి, గాజులోంచి గాలిలోకి దాటే ప్రతిచోటా వెలుతురులో సుమారు 4 శాతం వెనక్కి మళ్ళుతుంది. పొడిలో ఇలాంటి దాటుళ్ళు వేలకొద్దీ ఉంటాయి. వెలుతురు గాజు లోపల తగినంత దూరం పోయి ఆకుపచ్చ రంగు పులుముకునేలోపే, వచ్చింది వచ్చినట్టు తెల్లగా బయటపడిపోతుంది. ఆ పొడి మీద నీళ్ళు పోసి చూడండి, ఆకుపచ్చ తిరిగొస్తుంది. రేణువుల మధ్య గాలి పోయి నీరు చేరింది. వెలుతురును ఒక పదార్థం ఎంత వంచుతుందో చెప్పే అంకెను వక్రీభవన గుణకం అంటారు. గాజుకు అది 1.5, నీటికి 1.33, గాలికి 1. తేడా తగ్గితే మళ్ళే వెలుతురూ తగ్గుతుంది.

వెలిసిపోయిన పడవ ఒంటి మీద ఉన్నది సరిగ్గా ఈ పొడే. పై పొర పేరు జెల్‌కోట్. అది పాలియెస్టర్ రెజిన్‌లో, అంటే ఆరితే గట్టిపడే ఒక ప్లాస్టిక్ జిగురులో, రంగుపొడి కలిపి చేసిన పూత, దాని వక్రీభవన గుణకం సుమారు 1.55. గాలితో కలిసేచోట లెక్క కడితే 4.7 శాతం వెలుతురు వెనక్కి మళ్ళుతుంది. అదే నీటి కింద అయితే 0.6 శాతం. గుణకం 1.45 దాకా ఉండే నూనె గానీ మైనం గానీ పట్టిస్తే 0.1 శాతం. అంటే నీటికన్నా నూనె బాగా మోసం చేస్తుంది, పైగా నీటిలా ఆరిపోదు. పాత పడవ అమ్మబోయేముందు నూనెగుడ్డతో తుడిచేవాళ్ళకు ఈ అంకెలు తెలియకపోవచ్చు, ఫలితం మాత్రం బాగా తెలుసు.

ముదురు రంగు పడవలే ఎందుకు ముందుగా ముసలివైపోతాయన్నదీ ఇందులోనే తేలుతుంది. ముదురు నీలం తన మీద పడిన వెలుతురులో తిరిగిచ్చేదే కొద్ది శాతం. నునుపుగా ఉన్నప్పుడు ఆ 4.7 శాతం తెల్లటి మళ్ళింపు ఒకే దిశలో, ప్రతిబింబంగా పోతుంది. మీరు ఆ దిశలో లేకపోతే కంటికి తగిలేది నీలం ఒక్కటే. పైన పొడి కట్టాక ఆ తెలుపు అన్ని దిశలకూ చెదిరి, ఎక్కడ నిలబడి చూసినా నీలంలో కలిసే వస్తుంది. కొద్ది శాతం నీలంలో ఇంచుమించు అంతే తెలుపు! తెల్ల పడవలో ఇంతే నష్టం జరిగినా తెలుపులో తెలుపు కలిసిపోయి ఎవరి కంటా పడదు.

ఈ పొడి ఎలా కడుతుంది? ఎండతో. నేలకు చేరే అతినీలలోహిత కిరణాల్లో 290 నుంచి 400 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు) మధ్యవి రెజిన్‌లోని పొడవాటి అణువుల గొలుసులను తెంపగలవు. పాలియెస్టర్ గొలుసులను అడ్డంగా కట్టి ఉంచేది స్టైరీన్. అందులోనూ, చాలా రెజిన్ల గొలుసుల్లోనూ బెంజీన్ వలయాలుంటాయి. ఆ వలయాలు కిరణాన్ని మింగి స్వేచ్ఛా రాడికల్‌లను, అంటే దేనితోనైనా చప్పున కలబడే అణు ముక్కలను, పుట్టిస్తాయి, అవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్‌లవుతాయి, అవి మళ్ళీ విరిగి మరిన్ని రాడికల్‌లనిస్తాయి. ఒకసారి రాజుకుంటే తనను తానే ఎగదోసుకునే వ్యవహారం. దీనికి తోడు ఒక ఇంటిదొంగ ఉన్నాడు: తెలుపు కోసం కలిపే టైటానియం డయాక్సైడ్. అది అతినీలలోహిత కాంతిని పై పొరలోనే మింగేసి లోతును కాపాడుతుంది, నిజమే. మింగిన శక్తితో తన పక్కనున్న నీటినీ ఆక్సిజన్‌నూ రెచ్చగొట్టి, రెజిన్‌ను కొరికేసే హైడ్రాక్సిల్ రాడికల్‌లను తయారుచేసేదీ అదే. ఈ పదార్థం కాంతి సాయంతో నీటినే విడగొట్టగలదని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో చూపించారు. అందుకే రంగుల తయారీలో కాస్త నెమ్మదైన రూటైల్ స్ఫటికాన్ని ఎంచుకుని, ఒక్కో రేణువుకూ సిలికా, అల్యూమినాల తొడుగు వేస్తారు. కాపలావాడికి సంకెళ్ళు వేసి కాపలా పెట్టడమన్నమాట. ఎంత చేసినా రేణువు చుట్టూ రెజిన్ కొద్దికొద్దిగా అరిగి, రేణువు వదులై, వేలు రాస్తే తెల్లగా అంటుకుంటుంది. దీన్నే సుద్ద కట్టడం అంటారు.

ఇక మెరుపు సంగతి. బడిలో పరావర్తనం పాఠానికి రెండు బొమ్మలు గీస్తారు. నున్నటి తలం మీద కిరణాలన్నీ బుద్ధిగా ఒకే దిక్కుకు పోతాయి, గరుకు తలం మీద తలోదిక్కుకూ పోతాయి. ఎంత ఎగుడుదిగుడు ఉంటే గరుకు అనాలో మాత్రం చెప్పరు. అసలు రుచి ఉన్నది అక్కడే కదా! ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రాలీ పేరుతో ఒక ప్రమాణం ఉంది: గుంత లోతు తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతుకు మించితే ఆ తలం కాంతికి గరుకే. ఆకుపచ్చ కాంతి 550 నానోమీటర్లు, అందులో ఎనిమిదో వంతు 69. వేలికి గాజులా తగిలే పడవ కంటికి మసకగా కనిపించడంలో వింతేమీ లేదు, వేలికి అంత చిన్న గుంతలు అందవు.

ఇంకొంచెం కచ్చితంగా లెక్కేయొచ్చు. సగటు ఎగుడుదిగుడును 4π తో గుణించి, తరంగదైర్ఘ్యంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే ఒక అంకె వస్తుంది. ప్రతిబింబం దిశలో మిగిలే కాంతి ఆ అంకె పెరిగేకొద్దీ ఘాతాంక క్రమంలో పడిపోతుంది. 10 నానోమీటర్ల గరుకుదనం ఉంటే అద్దంలా మళ్ళే కాంతిలో 95 శాతం నిలుస్తుంది. 20 ఉంటే 81 శాతం. 70 ఉంటే 8 శాతమే! గరుకుదనం పెరిగింది 7 రెట్లు, ప్రతిబింబం మాత్రం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పాలిష్ పట్టేవాళ్ళు “అరగంట రుద్దినా ఏం తేడా లేదు, ఆ తర్వాత ఉన్నట్టుండి వెలిగింది” అంటుంటారు. ఆ మాట అక్షరాలా నిజం. 200 నుంచి 100 నానోమీటర్లకు తెచ్చినంతసేపూ కంటికి ఏమీ తెలియదు. 60 నుంచి 20కి దిగేటప్పుడే వెలుగంతా వస్తుంది.

ఇదే సూత్రంలో చూసే కోణం కూడా ఉంది. లంబంగా చూస్తే 8 శాతమే నిలిచిన ఆ తలాన్నే, లంబానికి 60 డిగ్రీల వాలులో చూస్తే 53 శాతం నిలుస్తుంది. 85 డిగ్రీలకు పోయి, పడవ పక్కకు కన్ను ఆనించినట్టు చూస్తే 98 శాతం. అంత వాలులో అసలు మళ్ళే కాంతే సగానికి మించి ఉంటుంది కూడా. కాబట్టి పడవ ముక్కు దగ్గర నిలబడి దాని పొడవునా చూపు సారిస్తే ఎంత వెలిసినదైనా మెరుస్తుంది. పాత పడవ కొనేటప్పుడు ఎదురుగా నిలబడి చూడాలి. మెరుపును కొలిచే పరికరాలు 20, 60, 85 డిగ్రీలని మూడు కోణాలు పెట్టుకోవడం ఇందుకే.

ఇప్పుడు నీటి కింద మెరిసే సంగతి పూర్తిగా తేలింది. నీరు పొడిలోని గాలిని తరిమి తెలుపును చంపుతుంది, పైన తలతన్యత వల్ల తనకు తానే చదునై అద్దం పనీ చేస్తుంది. మైనం కూడా చేసేది అంతే. సుద్ద కట్టిన పడవకు కడిగీ కడగగానే మైనం పూయడమంటే గాజుపొడిని తడిపి ఉంచడమే. మైనం పోగానే పొడి మళ్ళీ పొడే. ఆకుపచ్చ శాశ్వతంగా కావాలంటే పొడిని ఊడ్చేసి కింది పెంకును బయటికి తేవాలి. రుద్దడం తప్పదు.

రుద్దేముందు కడగడం గురించి రెండు ముక్కలు. ఇసుక ప్రధానంగా క్వార్ట్జ్, గట్టిదనంలో, వజ్రానికి 10 ఇచ్చే మోస్ కొలతపై 7. దుమ్ముతో ఉన్న పడవను పొడిగుడ్డతో తుడిస్తే గుడ్డే ఉప్పుకాగితం అవుతుంది. ముందు ధారగా నీళ్ళు, తర్వాతే సబ్బు. ఘాటైన క్షారాలు వద్దు. పాలియెస్టర్‌లో ఉన్నవి ఎస్టర్ బంధాలు, నూనెను సబ్బుగా మార్చే చర్యే రెజిన్ మీదా జరుగుతుంది. నీటి అంచు వెంబడి పట్టే గోధుమరంగు చార సబ్బుకు లొంగదు. అందులో ఇనుము, ఆకుల నుంచి వచ్చే టానిన్‌లు ఉంటాయి. ఆక్సాలిక్ ఆమ్లం ఇనుమును పట్టుకుని నీటిలో కరిగే రూపంలోకి మారుస్తుంది, చార కళ్ళముందే కరిగిపోతుంది. అది విషం, చేతి తొడుగులు, కళ్ళద్దాలు ఉండాల్సిందే. ఆ పక్కనే బ్లీచింగ్ ద్రవం వాడకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

రుద్దడానికి వాడేవి ఉప్పుకాగితం, కాంపౌండ్ అనే గరుకు ముద్ద, పాలిష్. మూడింట్లోనూ జరిగేది ఒకటే, రేణువు సైజు మారుతుంది. పీ600 కాగితం మీద రేణువు సుమారు 26 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పీ1000 మీద 18, పీ2000 మీద 10. కాంపౌండ్‌లో ఉండేది చాలావరకు అల్యూమినియం ఆక్సైడ్, గట్టిదనం 9. గీత పోదు, దాని స్థానంలో అంతకన్నా చిన్న గీత వస్తుంది. అది కాంతి తరంగానికి అందనంత చిన్నదైనప్పుడు మనం నునుపు అంటున్నాం. గీతలను కంటికి కనబడనంత చిన్నవి చేయడమే పాలిష్ అని న్యూటన్ 1704లోనే చెప్పాడు. 20వ శతాబ్దంలో బ్రిటన్ రసాయన శాస్త్రవేత్త జార్జ్ బెయిల్‌బీ దీనికి అడ్డు చెప్పాడు: పాలిష్ చేస్తే పై పొర ద్రవంలా జారి గుంతల్లో సర్దుకుంటుందన్నాడు. కొన్ని లోహాల విషయంలో అందుకు ఆధారాలూ దొరికాయి. జెల్‌కోట్ మాత్రం గొలుసులన్నీ అడ్డంగా ముడిపడిన వల. అది కరగదు, వేడెక్కితే మెత్తబడి మాడుతుంది. ఇక్కడ న్యూటన్ మాటే నప్పుతుంది. మెషీన్‌ను ఒకేచోట నొక్కి ఉంచితే మెరుపు రాదు, పసుపుపచ్చ మచ్చ వస్తుంది. ఒక్కో అంచెలో దిశ మార్చి రుద్దితే పాత గీతలు అడ్డంగా కనిపిస్తూ, అవి పోయాయో లేదో చెబుతాయి. వాటిని వదిలేసి సన్న పాలిష్‌కు దిగితే వాటికే నగిషీ పెట్టినట్టవుతుంది.

గుండ్రంగా రుద్దితేనే గుండ్రటి గీతలు పడతాయనేది ఇక్కడ బాగా పాతుకుపోయిన నమ్మకం. మెషీన్ తిరగడం వల్ల పడే చాపాలు వేరే ఉన్నాయి, కాదనను. కానీ ఎండలో సూర్యబింబం చుట్టూ కనిపించే సాలెగూడు వలయాలను మీరు నాలుగడుగులు పక్కకు జరిగి చూడండి, వలయాలూ మీతోపాటే జరుగుతాయి. గీతలు అన్ని దిక్కుల్లోనూ అడ్డదిడ్డంగా ఉన్నాయి. వాటిలో బింబం చుట్టూ వృత్తానికి స్పర్శరేఖల్లా పడినవి మాత్రమే కాంతిని మీ కంటికి మళ్ళించగలవు. వృత్తాన్ని గీసింది మీ చెయ్యి కాదు, మీ కన్నూ సూర్యుడూ కలిసి.

ఇంకో నమ్మకం, నీటి పూసలు. మైనం మీద నీటి స్పర్శకోణం (నీటిబొట్టు అంచు తలంతో చేసే కోణం) 105 డిగ్రీలకు పైనే, అందుకని నీరు పూసలై దొర్లుతుంది. పూస కట్టింది కాబట్టి ఎండ నుంచి రక్షణ ఉందనుకుంటారు. పూస చెప్పేది ఉపరితల శక్తి గురించి మాత్రమే, నూనె జిడ్డు మీదా పూస కడుతుంది. బ్రెజిల్ ఈశాన్యంలో పెరిగే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనంలో అతినీలలోహితాన్ని మింగే సిన్నమిక్ ఆమ్లపు ఎస్టర్‌లు ఉన్నమాట నిజమే. కానీ పొర బాగా పలుచన, అంత పలుచనిది ఎంతని ఆపుతుంది? మైనం చేసే అసలు మేలు వేరు: ఉప్పు, మురికి గట్టిగా పట్టుకోకుండా చూడటం, చిన్న రాపిళ్ళను తన మీద వేసుకోవడం. అరిగిపోవడమే దాని ఉద్యోగం, అందుకే మళ్ళీ మళ్ళీ పూయాలి. సిలికాన్ కలిసిన రకాలు ఎక్కువకాలం నిలుస్తాయిగానీ, తర్వాతెప్పుడైనా రంగు వేయాల్సి వస్తే ఆ మరక ఉన్నచోటల్లా రంగు విడిపోయి గుంతలు పడుతుంది.

మైనానికి అంత ప్రాముఖ్యం ఎందుకంటే రుద్దడానికి ఉన్న సరుకు పరిమితం. పడవను బయటి నుంచి లోపలికి తయారుచేస్తారు. అద్దంలా పాలిష్ చేసిన అచ్చులో ముందు జెల్‌కోట్ చల్లి, దాని వెనక గాజునార, రెజిన్ పరుస్తారు. కొత్త పడవ మెరుపు ఎవరూ రుద్ది తెచ్చింది కాదు, అచ్చు నునుపుకు నకలు. ఆ జెల్‌కోట్ మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ, అంటే 500 మైక్రాన్లు. కారు మీది పారదర్శక పూత దీనిలో పదో వంతు ఉంటుంది కాబట్టి పడవవాళ్ళు అదృష్టవంతులే. కానీ అంచుల దగ్గర, మూలల దగ్గర మెషీన్ ఒత్తిడంతా ఇరుకైన చోట పడి పూత త్వరగా పోతుంది. కింద గాజునార అల్లిక నీడలా కనిపించడం మొదలైతే ఇక రుద్దడానికేమీ మిగల్లేదు. అప్పుడు మిగిలే దారి, రెండు భాగాలు కలిపి వేసే పాలియురెథేన్ రంగు. అందులో మంచి రకాలకు బెంజీన్ వలయాలు ఉండవు, కాబట్టి ఎండకు చాలాకాలం ఓర్చుకుంటాయి. అయితే ఆ పూత జెల్‌కోట్ కన్నా బాగా పలుచన, మెరుపంతా దాని పైపై చర్మంలోనే ఉంటుంది. దాని మీద మాత్రం కాంపౌండ్ పెట్టకూడదు.