పాత పికప్ కొనబోతున్న మనవళ్లకు తాత రాసిన ఉత్తరం

కడప

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాత ఆశీస్సులు.

మీరు పంపిన మూడు బండ్ల ఫొటోలు చూశాను. మూడింటికీ కొత్తగా రంగు వేయించి, టైర్లకు నలుపు పూసి, ముందర నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి నిలబెట్టారు గానీ, ఏ ఒక్క ఫొటోలోనూ బానెట్ ఎత్తి లేదు. తొట్టి తుప్పు పడితే రేకు అతికించుకోవచ్చు, సీటు చిరిగితే కుట్టించుకోవచ్చు. మీ పనికి చాలని ఇంజిన్‌ను కొన్న తర్వాత మాత్రం దానిని సరిపెట్టడం ఏ మేస్త్రీ వల్లా కాదు. అందువల్ల ఏ బండి అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఏ ఇంజిన్ అన్నదే ముందు రాస్తున్నాను.

మీ పని ఏమిటో మీరే చెప్పారు. మైదుకూరు నుంచి ఉల్లి, పసుపు కడపకు తోలడం, బేరం కుదిరినప్పుడు ఉల్లిని రాయచోటి మీదుగా మదనపల్లె దాకా తీసుకుపోవడం, తిరుగు కిరాయికి అక్కడి టమాటా క్రేట్లు ఎత్తుకుని రావడం. మైదుకూరు నుంచి కడపకు దారి దాదాపు చదునే కాబట్టి దాని గురించి ఆలోచించవలసిన పని లేదు. మీ ఇంజిన్ సంగతి తేల్చేది కడప దాటిన తర్వాత వచ్చే గువ్వలచెరువు ఘాటు. ఆ ఊరి పాలకోవా తినడానికి అందరూ ఆగుతారు. చాలని ఇంజిన్ ఉన్నవాళ్లు కోవా తినకపోయినా ఆగవలసి వస్తుంది.

లెక్క వేసి చూపిస్తాను, కాగితం తీసుకోండి. ఉల్లి బస్తా 50 కిలోలు అనుకుంటే 28 బస్తాలు 1,400 కిలోలు. బండి తూకం, మీ ఇద్దరి తూకం కలిపి ఇంకో 1,600 అనుకుందాం. మొత్తం 3,000 కిలోలు. ప్రతి 20 మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచే దారిలో ఈ బరువును గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కించాలంటే, టైర్ల రాపిడిని కూడా కలుపుకుంటే, చక్రాల దగ్గరే సుమారు 22 హార్స్‌పవర్ కావాలి. గేర్లలోనూ వెనక ఇరుసు హౌసింగులోనూ పోయేది దీనికి అదనం. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో ఉన్నది 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. దాని శక్తి 16 హార్స్‌పవర్. అది చెడ్డ ఇంజిన్ అని నేను అనను. ముప్పాతిక టన్ను లోపు సరుకుతో ప్రొద్దుటూరు వీధుల్లో కిరాణా కొట్లకు తిరగడానికి అంత పొదుపైన బండి దొరకడం కష్టం. కానీ మీరు పంపిన మొదటి ఫొటోలోని ఏస్‌కు పక్క పట్టీలు ఎత్తుగా కట్టించి ఉన్నాయి, వెనక స్ప్రింగు కట్టలకు అదనపు ఆకులు వేయించి ఉన్నాయి. అంటే దాని మీద టన్నున్నర ఎత్తారన్న మాట. కట్టలు పెంచుకోవచ్చు గానీ సిలిండర్లను పెంచుకోలేము కదా. ఆ బండిని జాబితాలోంచి తీసేయండి.

హార్స్‌పవర్ ఒక్కటే చూసినా మోసపోతారు. సంక్రాంతికి బండలాగుడు పోటీలు మీరు చూసినవే. కదలని బండను కదిలించే మొదటి అడుగులోనే ఎద్దుల జత సత్తా బయటపడుతుంది. ఇంజిన్‌లో ఆ లాగుడునే టార్క్ అంటారు. అది ఎంత ఉందన్నదాని కన్నా, ఇంజిన్ ఎంత తక్కువ చుట్లు తిరిగేటప్పుడు అందుతుందన్నది బరువు మోసే బండికి ముఖ్యం. నిమిషానికి 1,500 చుట్ల దగ్గరే గట్టిగా లాగే ఇంజిన్ మలుపులో వేగం తగ్గినా మళ్లీ అందుకుంటుంది. 3,000 దాటితే గాని ఊపందుకోని ఇంజిన్‌తో ప్రతి మలుపులోనూ గేరు మార్చుకోవాలి, క్లచ్ ప్లేటు కాల్చుకోవాలి. 2,523 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఉన్న బొలెరో పికప్ మన ఘాట్లలో ఎందుకు అన్ని కనిపిస్తాయో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ మూడు సిలిండర్ల 1,478 సీసీ ఇంజిన్‌తో టన్నుంపావు దాకా బాగానే మోస్తుంది. అంతకు మించి ఎత్తబోమని మీరు మీ మీద మీరు నమ్మకం పెట్టుకోగలిగితే అదీ సరే. మిమ్మల్ని ఎరిగినవాడిని కనుక నాకు ఆ నమ్మకం లేదు.

టమాటాలతో తిరిగి వచ్చేటప్పుడు అదే ఘాటు దిగాలి. అప్పుడు ఇంజిన్ పని లాగడం కాదు, పట్టి ఉంచడం. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే గేరులో, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి దిగితే ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది. కాంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలిని నొక్కి పట్టే బిగువు, పోయిన ఇంజిన్ ఇక్కడ చేతులెత్తేస్తుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది, డ్రమ్ములు కాలి లైనింగు వాసన వస్తుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే డ్రైవర్లను మీరు చూసి ఉంటారు. వాళ్ల బండిలో మీరు ఎక్కవద్దు.

ఇక పాత తరమా, కొత్త తరమా అన్న సంగతి. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4 (బండి పొగకు ప్రభుత్వం పెట్టిన హద్దు), 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లే అమ్మాలన్న నియమం వచ్చింది. 2017కు ముందరి చాలా బండ్లలో డీజిల్‌ను నాజిళ్లకు పంపేది యాంత్రికమైన పంపు. అది మురికిని కొంత ఓర్చుకుంటుంది. పల్లెటూరి మేస్త్రీ కూడా స్పానర్లతో సరిచేస్తాడు. దాని తర్వాతి కామన్ రైల్ ఇంజిన్లలో డీజిల్ వెయ్యి బార్‌లకు పైబడిన ఒత్తిడితో వెంట్రుక మందం రంధ్రాల గుండా చిమ్ముతుంది. అందుకే పొగ తక్కువ, లాగుడు ఎక్కువ, మైలేజీ మెరుగు. అందుకే మీ నాయన మోటారు కోసం డ్రమ్ములో నిలవ ఉంచే డీజిల్ దానికి విషం. అడుగున చేరిన నీటి చుక్క ఒక్కటి చాలు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ పోతుంది. దానిని పరీక్షించే యంత్రం ఉన్న పంపు షాపు దాకా బండిని ఈడ్చుకుపోవాలి.

బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ ఒకటి సైలెన్సర్ దారిలో ఉంటుంది. అందులో చేరిన మసి సుమారు 600 డిగ్రీల వేడి దగ్గర కాలి బూడిద కావాలి, అంత వేడి రావాలంటే బండి కొంతసేపు ఆగకుండా నడవాలి. రోజంతా తోట నుంచి ఊళ్లోకి, ఊళ్లోంచి తోటకు రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో ఆ జల్లెడ పూడుకుపోతుంది. కొందరు దానిని కోసి పారేసి ఖాళీ గొట్టం వేయిస్తారు; అది చట్టవిరుద్ధం. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ గుర్తు ఉన్న దీపం వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. ఆరకపోతే జబ్బు ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే జబ్బుతో పాటు దానిని దాచిన మనిషీ ఉన్నట్టు.

మీ దారికీ మీ దగ్గరున్న డబ్బుకీ నా తీర్పు ఇది: 2017 నుంచి 2020 లోపు తయారైన, నాలుగు సిలిండర్ల రెండున్నర లీటర్ల కామన్ రైల్ ఇంజిన్ ఉన్న బండి చూడండి. ఎనిమిదేళ్లు నిండిన కిరాయి బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాలి, అంతకు ముందు రెండేళ్లకొకసారి. ఆ ఖర్చును కూడా బేరంలో కలుపుకోండి. పెట్రోలు, గ్యాసు చిన్న బండ్లు పట్టణంలో తిరిగేవాళ్లకు, ఘాటు ఎక్కేవాళ్లకు కాదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను కూడా ఒక పికప్ కొన్నాను. మధ్యాహ్నం పూట చూశాను, అప్పటికే స్టార్ట్ చేసి వేడిగా ఉంచారు, ఒక్క సెల్ఫుకే అందుకుంది. రేడియేటర్ మూత తీసి చూడాలన్న ఆలోచనే రాలేదు. వారం తిరగకముందే ఎండాకాలం ఉల్లి లోడుతో గువ్వలచెరువు ఘాటు నడిమధ్యలో వేడి చూపే సూది ఎర్రగీత దాటింది, ఇంజిన్ తలకూ దిమ్మెకూ నడుమ ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది. మర్నాడు మేస్త్రీ రేడియేటర్ విప్పి చూపించాడు: లోపలి గొట్టాలు, మీ అవ్వ నీళ్లు కాచే అండా లోపలిలాగా, తెల్లటి పెచ్చులతో పూడిపోయి ఉన్నాయి. యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు రాయినిచ్చే సున్నపునేలే మన బోరు నీళ్లకూ సున్నాన్ని ఇస్తుంది. ఆ నీళ్లను ఏళ్ల తరబడి ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌కు బదులు పోశారు. అమ్మినాయన నిమ్మకాయలు మాత్రం కొత్తవి కట్టాడు.

కాబట్టి చూడటానికి తెల్లవారుజామునే పోండి. ఇంజిన్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయండి. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. లోపల నీళ్ల మీద నూనె తెట్టు ఉన్నా, నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ మీది నూనె మజ్జిగలాగా తెల్లబడి ఉన్నా హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడండి. స్టార్ట్ చేశాక సైలెన్సర్ వెనక ఒకరు నిలబడండి. మొదట కాస్త తెల్లపొగ వచ్చి ఆగిపోతే పరవాలేదు. ఆగని తెల్లపొగలో తియ్యటి వాసన ఉంటే కూలెంట్ కాలుతోంది. నల్లపొగకు నాజిళ్లో, ఎయిర్ ఫిల్టరో, టర్బో పైపులో కారణం కావచ్చు, దానికి బేరం ఆడవచ్చు. నీలిపొగ వస్తే ఇంజిన్ నూనె తాగుతున్నట్టు; ఖర్చు పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు దాకా పోతుంది, ఆ బేరం వదిలేయండి. తర్వాత నూనె పోసే మూత విప్పి, దానిని బోర్లించి ఆ రంధ్రం మీదే వదులుగా పెట్టండి. కొంచెం వణికితే సరే, ఎగిరి పడితే పిస్టన్ల పక్క నుంచి పొగ కిందికి దిగుతోందని అర్థం.

ఇంజిన్ దిమ్మె మీద చెక్కిన నంబరు ఆర్‌సీలోని నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. అక్కడ గ్రీజు పూసి ఉంటే గుడ్డతో తుడిచి చదవండి. ఫైనాన్స్ బాకీ ఆర్‌సీలో కనిపిస్తే, అది తీరినట్టు రాసిన కాగితం చేతికి వచ్చేదాకా బయానా ఇవ్వవద్దు.

మూడో ఫొటోలోని బండి, 2018 మోడల్ అన్నది, చూడదగినదిగానే ఉంది. ఆదివారం ఉదయం ఐదింటికి వస్తామని అమ్మేవారికి ఫోన్ చేయండి, మేము వచ్చేదాకా తాళం తిప్పవద్దని గట్టిగా చెప్పండి. నేను టార్చిలైటు, పాతగుడ్డ తెస్తాను. మీరు ఎనిమిది ఉల్లిబస్తాలైనా ఎవరి దగ్గరన్నా అడిగి తెండి. ఖాళీ బండిని ఘాటు ఎక్కించి ప్రయోజనం లేదు.

మీ తాత